మూడు ఫేజులు

కాలిన రాగితీగ వాసన చూసి
ఏ ఊరి మోటారో చెప్పగలను.
బొబ్బిలి సంత రోడ్డులో
పైడితల్లి రివైండింగ్ వర్క్స్ నాది.
ఇరవై మూడేళ్ళుగా ఈ చుట్టుపక్కల బోర్లన్నీ
తమ రోగాలు ముందు నాకే చెప్పుకున్నాయి.

చుట్లన్నీ ఒకేలా బొగ్గైతే
కింద నీళ్ళు లేక ఉత్తినే తిరిగిందని.
రెండు మాడి, ఒకటి మాత్రం
కొత్త పెళ్ళికూతురి మట్టెలా మెరుస్తుంటే
ఆ ఫేజు ఎక్కడో తెగిందని,
దాని బరువు కూడా మోసి మోసి
మిగతా రెండూ చచ్చాయని.

ఆ ఏడు పుష్యానికీ వైశాఖానికీ మధ్య
గెడ్డవలస పారమ్మ మూడుసార్లొచ్చింది,
మోటారుని గోనెలో చుట్టి
ఆటోలో మోకాళ్ళ మధ్య ఇరికించుకుని.
మొదటిసారి నూట ఇరవై అడుగులంది.
రెండోసారి నూట డెబ్భై.
మూడోసారి నేను లోతు అడగలేదు,
రాగి ధర చెప్పాను.
ఆమె చెవి తమ్మెలు తడుముకుంది.

"కరెంటుకి డబ్బుల్లేవు బాబూ,
నీటికీ ఎవుడూ బిల్లెయ్యడు.
మరి నానెందుకు ఇన్నిసార్లు
నీకాడకి ఒస్తన్నాను?"

జవాబు నా గల్లాపెట్టెలో ఉంది.
మూత వేసుకున్నాను.

రాత్రి రెండింటికి కరెంటొస్తే
ఆ ఊళ్ళో మనుషులు లేవరు,
ఆటో స్టార్టర్లు లేస్తాయి.
పదకొండు బోర్లు ఒక్కసారే గుటకేస్తాయి.
మడి నిండుతుంది, గట్టు పొర్లుతుంది,
గేదెల గిట్టల గుంటల నిండా నీళ్ళు నిలుస్తాయి.
పొద్దున్నే బడికెళ్ళే పిల్లలు
చెప్పులు చేత పట్టుకుని అవి దాటి
కుళాయి దగ్గరకెళ్తే
అది రెండుసార్లు దగ్గి ఊరుకుంటుంది.

తెలియదని అనను.
మధ్యాహ్నం క్యారేజీ విప్పి
ఒక్కో ముద్దలో ఎన్ని చుట్ల రాగితీగుందో
లెక్కెయ్యబోయేవాణ్ణి.
సగం లెక్కలో అన్నం అయిపోయేది.

తర్వాతి ఏడు ఆమె రాలేదు.
"ఇంకో షాపు మరిగుంటాది" అన్నాడు
నా పనివాడు దాలినాయుడు.
కడుపు మండి, పాత బాకీ వంకతో
బండేసుకుని వెళ్ళాను.

పంపుషెడ్డులో ఆటో స్టార్టర్ డబ్బా ఉంది,
లోపల తీగల్లేవు,
ఊక పరిచి ఉంది, ఒక కోడి ఉంది.
గోడ మీద బొగ్గు గీతలు:
పగటి కరెంటు ఎన్ని గంటలు,
అందులో ఎవరి చేనుకి ఎన్ని.
ఏడిళ్ళకి ఒకటే బోరు.
పల్లపు మళ్ళలోనే వరి,
మెరకనంతా చోడి.
పక్కనే గెడ్డ పూడిక తీసిన మట్టి
ఇంకా పచ్చిగా కుప్పపోసి ఉంది.
అందరూ కలవలేదు.
గట్టు అవతల లెంకోళ్ళ రెండు బోర్లు
రాత్రిళ్ళు ఇంకా తాగుతూనే ఉన్నాయట.
"ఆళ్ళకీ ఓనాడు నీ అడ్రసు మరుపొస్తాది"
అని నవ్వింది.

చోడంబలి పోసి, ఉల్లిపాయ పగలగొట్టి పెట్టింది.
చల్లగా, కాస్త పులుపుగా దిగింది.
"నువ్వే సెప్పినావు గదా,
ఒక ఫేజు పోతే మిగతా రెండూ మాడిపోతాయని.
నువ్వు మోటారు గురించే అన్నావేమో మరి."

నేను మోటారు గురించే అన్నాను.

వచ్చేముందు, రాయి కట్టిన తాడుని
ఆపేసిన బోర్లోకి వదిలించాను.
ముడులు లెక్కపెడుతూ పైకి లాగింది.
నిరుడు తడి నూట డెబ్భై దగ్గర.
ఇప్పుడు నూట అరవై నాలుగు.
ఆరడుగులు, అంతే.
తడిసిన ముడిని నా అరచేతిలో పెట్టింది,
చిల్లర తిరిగిచ్చినట్టు.

బాకీ మాట ఎత్తలేదు నేను.

ఈ నెల షాపుకి నాలుగే మోటార్లొచ్చాయి.
రెండు లెంకోళ్ళవి.
దాలినాయుడికి సీలింగ్ ఫ్యాన్లు చుట్టడం నేర్పుతున్నాను.
ఇంట్లో ఖర్చుల సంగతి ఇంకా చెప్పలేదు.
క్యారేజీలో కింది గిన్నె
ఇప్పుడు అంబలిది.